ఆన్‌లైన్‌లో పాతకాలం కారు కొనేటప్పుడు: ముందు సి బుక్కు, తర్వాత తుప్పు, ఆఖర్న ఇంజన్

"ఫోన్లో ఒక అంబాసిడర్ చూశాం. ఫొటోల్లో తళతళలాడుతోంది, రేటు కూడా అందుబాటులోనే ఉంది. ఇవాళే అడ్వాన్సు వేయకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తానంటున్నాడు. వేయమంటారా?" నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది. వేయొద్దు. ఎప్పుడు వేయాలో, అంతకుముందు ఏమేం చూడాలో వరసగా రాస్తున్నాం. ఈ వరస తప్పొద్దు.

చాలామంది కారు దగ్గరికి పోగానే బానెట్ ఎత్తి ఇంజన్ చప్పుడు వింటారు. ఇంజన్ పోతే మంచి మెకానిక్ ఉన్న ఏ షెడ్డులోనైనా సిలిండర్లకు బోరు కొట్టించి మళ్లీ నిలబెట్టుకోవచ్చు. తుప్పు తిన్న బాడీని బాగుచేయించాలంటే ఒక్కోసారి కారు ధరను మించి ఖర్చవుతుంది. సి బుక్కు, అంటే ఆర్సీ (రిజిస్ట్రేషన్ పత్రం), మిగతా కాగితాలు సరిగా లేని కారుకు మాత్రం ఎంత డబ్బు పోసినా అది మీ పేరు మీదికి రాదు. అందుకే ముందు కాగితం, తర్వాత బాడీ, చివరికి ఇంజన్.

1. ఏ కారు, ఎందుకు: ముందే తేల్చుకోండి

ఆదివారం పొద్దున మైపాడు బీచ్ దాకా వెళ్లిరావడానికా, రోజూ తిప్పడానికా, పెళ్లిళ్లకు అద్దెకివ్వడానికా? ఈ జవాబును బట్టే రిజిస్ట్రేషన్ దారి మారుతుంది. అద్దెకు తిప్పాలనుకుంటే సొంత వాడకం కింద ఉన్న తెల్ల నంబరు ప్లేటు పనికిరాదు.

మోడల్ గురించి రెండు ముక్కలు తెలిసుంటే ప్రకటనలోని అబద్ధం అక్కడే బయటపడుతుంది. కాంటెస్సా తయారీ మొదలైంది 1984లో. మొదటి మారుతీ 800 తాళం కొనుగోలుదారు చేతికి వచ్చింది 1983 డిసెంబరులో. ఇసుజు ఇంజన్ అంబాసిడర్లు 1990ల్లో వచ్చినవి. "1980 మోడల్ కాంటెస్సా" అని ఎవరైనా రాస్తే వాళ్లకు కారు గురించైనా తెలియదు, లేదా మీకు తెలియదని అనుకుంటున్నారు.

ఇంజన్ సైజు కూడా ముందే చూసుకోండి. పాత పెట్రోలు అంబాసిడర్ 1489 సీసీ. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో అది 1000 నుంచి 1500 సీసీ వర్గంలోకి వస్తుంది. 2022 జూన్ నుంచి ఆ వర్గానికి ఏడాది ప్రీమియం రూ.3,416, జీఎస్టీ కాకుండా. ఇసుజు 1800 ఇంజన్ ఉన్న అంబాసిడర్, కాంటెస్సా 1500 సీసీ దాటతాయి కాబట్టి వాటికి రూ.7,897. ఏటా కట్టాల్సిన తేడా ఇది.

2. ప్రకటనలోనే మోసం పసిగట్టడం

ఈ కింది వాటిలో ఒక్కటి కనిపించినా ఆ ప్రకటన వదిలేయండి. రెండోసారి ఆలోచించే పనిలేదు.

- అలాంటి కార్లు నడుస్తున్న ధరలో సగానికే ఇస్తాననడం.
- "ఆర్మీలో పని చేస్తున్నా, ట్రాన్స్‌ఫర్ అయింది, బండి మిలిటరీ ట్రాన్స్‌పోర్టులో మీ ఇంటికే వస్తుంది" అనడం. గుర్తింపు కార్డు ఫొటో, క్యాంటీన్ కార్డు ఫొటో కూడా పంపుతారు. తర్వాత డెలివరీ ఛార్జీ, ఆపైన జీఎస్టీ, ఆ తర్వాత "రిఫండ్ అయ్యే డిపాజిట్" అంటూ ఒక్కొక్కటే లాగుతారు. బండి మాత్రం ఎప్పటికీ రాదు.
- బండి చూడటానికి వస్తామంటే కుదరదనడం, చూడకముందే టోకెన్ అడగడం.
- ఆర్సీ కాపీ అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) పంపడం. ఆర్సీ ఎప్పుడూ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకే నొక్కితే మీ ఫోన్లోకి వచ్చే ఓటీపీలు అవతలివాడి చేతికి పోతాయి.
- ప్రతి ఫొటోలోనూ నంబరు ప్లేటు మూసేసి, అడిగినా నంబరు చెప్పకపోవడం.

ఫొటోలను గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి. అదే కారు అదే గోడ ముందు మరో ఊరి పేరుతో, మరో ధరతో కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే.

3. ఫోన్లో ఏం అడగాలి

మర్యాదగా, తొందర లేకుండా మాట్లాడండి. నిజంగా బండి ఉన్న మనిషి ఈ ప్రశ్నలకు విసుక్కోడు.

- "అన్నా, సి బుక్కు ఎవరి పేరు మీద ఉంది? ఆ మనిషి మీరేనా?"
- "ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఎప్పటిదాకా ఉంది? రెన్యువల్ చేయించారా?"
- "ఫైనాన్స్ ఏమైనా ఉండిందా? క్యాన్సిల్ చేయించారా?"
- "ఇంజన్ మార్చారా? మారిస్తే బుక్కులో ఎక్కించారా?"
- "గ్యాస్ కిట్ ఉందా? అది బుక్కులో ఉందా?"
- "ట్యాక్సీగా తిరిగిన బండా?"

తర్వాత ఒక వీడియో అడగండి. తెల్ల కాగితం మీద ఆ రోజు తేదీ, మీ పేరు రాసి డ్యాష్‌బోర్డు మీద పెట్టి, అక్కడి నుంచి ఆపకుండా కారు చుట్టూ తిరుగుతూ తీయమనండి. రాత్రంతా ఆపి ఉంచిన బండిని పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసే వీడియో ఇంకొకటి. ఈ రెండూ పంపని మనిషి కోసం పెట్రోలు తగలేసుకుని వెళ్లక్కర్లేదు.

4. కాగితాలు: ఇక్కడ ఎంత టైమైనా పెట్టండి

ప్రభుత్వ పరివహన్ వెబ్‌సైట్లోనో ఎంపరివహన్ యాప్‌లోనో నంబరు కొట్టండి. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ఇంధనం, బండి తరగతి, ఆర్సీ గడువు, ఇన్సూరెన్సు, ఫైనాన్స్ కనిపిస్తాయి. వాటిని ఫొటోలో పంపిన ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి. పెండింగ్ చలాన్లు ఈ-చలాన్ సైట్లో విడిగా చూడాలి.

నంబరు కొడితే వివరాలే రాకపోతే. 1989కి ముందు రిజిస్టరైన, మూడు అక్షరాల పాత నంబర్లకు ఇది మామూలే. పాత రిజిస్టర్లో ఉన్న వివరాలను కంప్యూటర్లోకి ఎక్కించి ఉండరు. దాన్ని బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. అది చేయించాల్సింది అమ్మేవాళ్లు, అదీ బండి రిజిస్టరైన ఆఫీసులో. "మీరు కొనుక్కుని చేయించుకోండి" అంటే ఒప్పుకోవద్దు. రిజిస్టర్లో ఆ పేజీ చిరిగిపోయి ఉంటే ఆ తిప్పలన్నీ మీవే అవుతాయి.

ఆర్సీ గడువు. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేసి ఏళ్లకు రెన్యువల్. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు రూ.10,000. గడువు దాటాక ఆలస్యానికి నెలకు రూ.500 చొప్పున అదనం, పైగా గ్రీన్ ట్యాక్సు (పాత బండ్ల మీద వేసే పన్ను). ఏళ్ల తరబడి పాకలో పడి ఉన్న బండి చవగ్గా దొరికిందని మురిసిపోయే ముందు ఈ మొత్తం ఎంతవుతుందో ఆర్టీఏ ఆఫీసులో లెక్క వేయించి, ఆ మేరకు ధర తగ్గించమనండి.

యజమాని చనిపోయి ఉంటే. పాత కార్లలో ఎక్కువగా చిక్కొచ్చేది ఇక్కడే. సి బుక్కు తాత పేరు మీద ఉంటుంది, అమ్మేది మనవడు. అప్పుడు బండి ముందు ఫారం 31 ద్వారా వారసుడి పేరు మీదికి మారాలి. దానికి మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం కావాలి. ఆ తర్వాతే మీకు అమ్మకం. తాత సంతకం ఉన్న పాత ఫారాలు చూపించి "అన్నీ రెడీగా ఉన్నాయి" అంటే, చనిపోయిన మనిషి సంతకంతో బండి కొన్నట్టవుతుంది. తోబుట్టువుల్లో ఒకరు అభ్యంతరం చెప్పినా బండి స్టేషన్లో నిలబడుతుంది.

ఓపెన్ సంతకాల బండి. అసలు యజమాని ఎప్పుడో ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి అమ్మేశాడు. తర్వాత బండి ముగ్గురు నలుగురి చేతులు మారింది, ఎవరూ పేరు మార్చుకోలేదు. ఇప్పుడు ఓనరు ఆధార్ ఓటీపీ కావాలంటే ఆ మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. అసలు యజమాని మీ ఎదురుగా నిలబడి సంతకం పెడితేనే కొనండి.

ఇంజన్ మార్చిన బండి, ట్యాక్సీ బండి. మారిన ఇంజన్ నంబరు, మారిన ఇంధనం బుక్కులో ఎక్కి ఉండాలి. లేకపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరే ఆగిపోతుంది. ట్యాక్సీ నుంచి సొంత వాడకానికి మారిన బండైతే ఆ మార్పు, లైఫ్ ట్యాక్సు కట్టిన రసీదు రెండూ చూడండి. మిలిటరీ వేలం జీపైతే వేలం కాగితాలు, విడుదల పత్రం అసలువి ఉండాలి.

దొంగ బండి కాదని తేల్చుకోవడం. జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్ సేవలో రిజిస్ట్రేషన్, ఛాసిస్, ఇంజన్ నంబర్లతో వెతకొచ్చు.

50 ఏళ్లు దాటిన బండి. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, రూపం పెద్దగా మారని బండిని 2021 జూలై నిబంధనల ప్రకారం వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా అయితే రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది. నంబరు మధ్యలో వీఏ అని వస్తుంది. థర్డ్ పార్టీ ప్రీమియంలో సగం తగ్గుతుంది కూడా. కానీ ఆ బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, అద్దెకు ఇవ్వకూడదు. పెళ్లిళ్ల కోసం కొంటున్నవాళ్లు ఈ దారిలోకి వెళ్లొద్దు.

5. చెన్నై బండా, మన బండా

నెల్లూరు నుంచి చెన్నై మూడు నాలుగు గంటల దారి. అక్కడ పాత కార్లు ఎక్కువ, వాటిని ప్రాణంగా చూసుకునేవాళ్లూ ఎక్కువ. అయితే తమిళనాడు బండిని ఇక్కడ ఉంచుకుని తిప్పాలంటే మూడు ఖర్చులుంటాయి: అక్కడి ఆఫీసు నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ లైఫ్ ట్యాక్సు, 12 నెలల్లోపు మన రాష్ట్రపు కొత్త నంబరు. ఆ నంబరు రాగానే పాత నంబరు పోతుంది. పాత నంబరు ప్లేటు మీద మోజుతో కొంటుంటే ఇది ముందే తెలిసుండాలి. దానికోసమైతే నెల్లూరు ఏపీ 26, ప్రకాశం ఏపీ 27 నంబరు బండ్లు గానీ, అంతకుముందు మన రాష్ట్రంలోనే రిజిస్టరైనవి గానీ వెతుక్కోవడం మేలు.

ఢిల్లీ బండి చవగ్గా వస్తోందంటే, అక్కడ పాత బండ్ల మీద ఉన్న ఆంక్షల వల్ల వదిలించుకుంటున్నారని అర్థం. ఎన్‌ఓసీ చేతికి రాకముందు డబ్బు కదలకూడదు.

ఇంకొకటి. 2015 డిసెంబరులో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో చెన్నైలో, 2021 నవంబరులో పెన్నా వరదకు మన నెల్లూరు వైపు, కార్లు నీళ్లలో మునిగాయి. మునిగిన బండిని సీటు కింద మ్యాట్ ఎత్తి, ఇనుప రాడ్ల మూలల్లో ఎండిన బురద ఉందేమో చూసి పట్టుకోవచ్చు. సీటు బెల్టు ఉంటే పూర్తిగా బయటికి లాగి చివర వాసన చూడండి. హెడ్‌లైటు లోపల నీటి గీత, వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము కూడా అదే చెబుతాయి.

6. ఛాసిస్ నంబరు: పెన్సిల్‌తో పది నిమిషాలు

బండి దగ్గరికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సినవి:

- మెత్తటి పెన్సిల్, పల్చటి తెల్ల కాగితం, సెల్లో టేపు
- కిరోసిన్ తడిపిన గుడ్డ, పాత టూత్ బ్రష్
- టార్చి, పిడి ఉన్న చిన్న అద్దం
- చిన్న అయస్కాంతం, దానికి చుట్టడానికి గుడ్డ
- స్క్రూడ్రైవరు, జాకీ, కింద పరుచుకోవడానికి గోతాం

వెళ్లాల్సింది పట్టపగలు, బండి తడిగా లేనప్పుడు. నీళ్లు పోసి తుడిచిన బండి మీద రంగు తేడా కనపడదు.

ఛాసిస్ నంబరు చెక్కిన చోట మకిలిని కిరోసిన్ గుడ్డతో తుడిచి, కాగితం టేపుతో అంటించి పెన్సిల్ పక్కకు వాల్చి రుద్దండి. రిజిస్ట్రేషన్ పనికి ఎలాగూ ఈ ముద్ర కావాలి. కానీ ముందు మీకే ఉపయోగపడుతుంది. నిజమైన నంబరులో అక్షరాలన్నీ ఒకే లోతున, ఒకే వరసలో పడతాయి. చెరిపి కొట్టిన నంబరైతే కంటికి కనపడని గ్రైండింగ్ గీతలు కాగితం మీద వెంట్రుకల్లా తేలతాయి. ఒక అంకె లోతుగా, పక్కది పైపైన ఉంటుంది. 3ని 8 చేసినా, 1ని 4 చేసినా ముద్రలో దొరికిపోతుంది.

ఆ ముక్క చుట్టూ వెల్డింగ్ అతుకు ఉందా, అక్కడ మాత్రమే కొత్త పెయింటు ఉందా చూడండి. తుక్కు కింద పోయిన బండి సి బుక్కును మరో బండికి తగిలించేవాళ్లు చేసే పని ఇదే. ఇంజన్ బ్లాకు మీది నంబరు కూడా బుక్కుతో కలవాలి. ఏ ఒక్క అంకె కలవకపోయినా "క్లరికల్ మిస్టేక్ అండీ" అనే మాట నమ్మొద్దు. మిస్టేక్ అయితే వాళ్లనే ఆర్టీఏ ఆఫీసులో సరిచేయించుకుని రమ్మనండి.

7. తుప్పు, లప్పం

కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఆరుబయట నిలబెట్టిన కారును ఉప్పు గాలి అడుగునుంచి తింటుంది. పైన కొత్త పెయింటు కొట్టించినంత మాత్రాన ఏమీ ఆగదు. అంబాసిడర్‌కు లారీలా విడిగా ఫ్రేము ఉండదు, బాడీయే బలం. అడుగు రేకు పోయిందంటే కారు వెన్నెముక పోయినట్టే.

అయస్కాంతానికి గుడ్డ చుట్టి తలుపుల కింది భాగం, చక్రాల మీది వంపులు, డిక్కీ అంచుల మీద నడిపించండి. రేకు ఉన్నచోట అతుక్కుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. అక్కడక్కడా గీరల మీద పల్చగా ఉన్న లప్పం తప్పు కాదు. అరచేయి అంత మేర అయస్కాంతం పట్టకపోతే లోపల రేకు లేదని అర్థం.

తర్వాత గోతాం పరిచి కిందికి దూరండి. చూడాల్సినవి:

- తలుపుల కింద పొడవునా ఉండే పెట్టె భాగం
- డ్రైవరు కాళ్ల కింది రేకు, మ్యాట్ పూర్తిగా ఎత్తి
- వెనక కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) బాడీకి బిగించిన చోట్లు
- డిక్కీ అడుగు, స్టెపినీ పెట్టే చోటు
- బ్యాటరీ ట్రే చుట్టూ

స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్లింది మొద్దుగా పలుకుతుంది. అడుగంతా కొత్తగా నల్లటి తారు లాంటి పూత కొట్టి ఉంటే ఇంకా గట్టిగా తట్టండి.

కమాన్ కట్టల దగ్గర రేకు కుళ్లితే ఆ బండి వదిలేయడమే మంచిది. తలుపు అడుగు మాత్రమే పోతే టింకరింగ్‌లో సర్దుకుంటుంది, ఆ ఖర్చు ధరలో తగ్గించి అడగండి.

8. ఇంజన్, గేర్లు, ముందు చక్రాలు

బానెట్ మీద చేయి పెట్టి చూడండి. మీరు వచ్చేసరికే వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి సిద్ధంగా ఉంచారు. చల్లారేదాకా ఆగండి.

- ఆయిల్ మూత లోపల మజ్జిగ మీగడలా తెల్లగా పేరుకుంటే ఆయిల్లో నీళ్లు కలుస్తుండవచ్చు. చాలా రోజులు నడపని బండిలో కాస్త ఉండటం మామూలే. కానీ డిప్‌స్టిక్ మీద కూడా అలాగే ఉంటే హెడ్ గాస్కెట్ పని.
- స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వుల వైపు లోపం. రేజ్ చేసినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే రింగులు అరిగాయి, బోరు పని. నల్ల పొగైతే కార్బురేటర్ సర్దుబాటు.
- ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి. గుప్పుగుప్పున పొగ ఎగదన్నితే రింగులు పోయినట్టే.
- మెకానిక్ దగ్గర గేజ్ ఉంటే నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూడమనండి. ఒకదానికీ ఇంకోదానికీ తేడా పది శాతం దాటకూడదు.

మన ఎండలకు అసలు పరీక్ష మధ్యాహ్నమే. పన్నెండు తర్వాత అరగంట నడిపి, నిలబెట్టి, ఇంజన్ పది నిమిషాలు ఆన్‌లోనే ఉంచండి. టెంపరేచర్ ముల్లు ఎక్కడ ఆగుతుందో చూడండి. ఆపేసి, ఐదు నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయండి. అప్పుడు మొరాయిస్తే పెట్రోలు దారిలో వేడికి ఆవిరి పడుతుండవచ్చు, లేదా కాయిల్ బలహీనపడింది.

పాత అంబాసిడర్‌లో బండి కదులుతుండగా ఫస్ట్ గేరు వేస్తే గరగరమంటుంది. ఆ గేరుకు సింక్రో (గేర్లు చప్పుడు లేకుండా కలవడానికి ఉండే ఏర్పాటు) లేదు కాబట్టి అది లోపం కాదు. దాన్ని చూపించి ధర తగ్గించమంటే అమ్మేవాళ్లకు మీ అనుభవం ఎంతో అర్థమైపోతుంది. సెకండ్‌లోనో థర్డ్‌లోనో ఉండగా యాక్సిలరేటర్ వదిలినప్పుడు గేరు దానంతటదే జారి బయటికొస్తే మాత్రం గేర్‌బాక్సు విప్పాల్సిందే.

ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట కనిపిస్తే ఇంకొకర్ని బ్రేకు తొక్కమనండి. ఆట ఆగిపోతే బేరింగ్, ఖర్చు తక్కువ. ఇంకా ఊగుతుంటే స్టీరింగ్ పిన్నులు, బుష్‌ల పని. బ్రేకు పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టండి. మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ పోయింది.

లేని సామాన్లు రాసుకోండి. ఇంజన్ సామాన్లు చెన్నై పుదుపేటలోనో, కోల్‌కతా మల్లిక్ బజార్లోనో వెతికితే దొరుకుతాయి. ముందు అద్దం, స్టీలు బీడింగులు, మీటరు, వెనక లైటు అద్దాలు దొరకడమే కష్టం. అవి పూర్తిగా ఉన్న బండికి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

9. బేరం, డబ్బు

కారు ధరకు పైన కనీసం అందులో మూడో వంతు రిపేర్లకు పక్కన పెట్టుకోలేకపోతే ఇంకొన్నాళ్లు ఆగండి.

అడ్వాన్సు ఇవ్వాల్సింది కాగితాలు, ఛాసిస్, తుప్పు మూడూ చూశాకే. ఐదు పది వేలు మించొద్దు. ఆ రసీదులో బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఒప్పుకున్న ధర, ఏ తేదీలోపు ఏ కాగితం ఇస్తారో, ఇవ్వకపోతే అడ్వాన్సు తిరిగిస్తారని రాయించండి.

మిగతా డబ్బు సి బుక్కులో ఉన్న పేరుగల బ్యాంకు ఖాతాలోకే పంపండి. ముందు ఒక్క రూపాయి వేసి పేరు చూడండి. "మా బావమరిది నంబరుకు వేయండి" అంటే కుదరదనండి. ఒకే లావాదేవీకి రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టప్రకారం కుదరదు.

చూడకముందే డబ్బు పోయిందా? సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు ఖాతాలు మారకముందే బ్యాంకు ఆపగలదు కాబట్టి మొదటి గంటే విలువైనది.

10. పేరు మార్పు, బండి ఇంటికి

అసలు సి బుక్కు చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. అదే రోజు తీసుకోవాల్సినవి:

- పేరు మార్పు కోసం ఫారం 29, ఫారం 30, మీ ఎదుట పెట్టిన సంతకాలతో
- ఫైనాన్స్ ఉండి ఉంటే ఫారం 35, బ్యాంకు లెటరు
- బయటి రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ
- అమ్మినవాళ్ల ఆధార్ కాపీ, రిజిస్ట్రేషన్‌కు లింకైన ఫోన్ నంబరు
- తేదీతో పాటు గంట కూడా రాసిన డెలివరీ లెటరు, ఇద్దరి సంతకాలతో

గంట రాయమనడానికి కారణం ఉంది. బండి మీ చేతికి రాకముందు దానితో జరిగిన ప్రమాదం మీ మెడకు చుట్టుకోకూడదు, వచ్చాక జరిగింది వాళ్ల మెడకూ చుట్టుకోకూడదు. పేరు మార్పుకు కొన్నవాళ్లకు 30 రోజుల గడువుంది. ఇన్సూరెన్సు మార్పుకు 14 రోజులే. ఇన్సూరెన్సు మాటే చాలామంది మరిచిపోతారు.

చెన్నై నుంచైనా ఒంగోలు నుంచైనా మొదటి ప్రయాణం నడుపుకుంటూ రావొద్దు, లారీ మీద తెచ్చుకోండి. చాలాకాలం నిలబడిన కారు టైరు పైకి బాగానే కనిపిస్తుంది. టైరు పక్కన నాలుగంకెల గుర్తు చూడండి: 2317 అంటే 2017లో 23వ వారం తయారైంది. ఆరేడేళ్లు దాటిన టైరు హైవే వేడికి పగిలే ప్రమాదం ఉంది. ఇంటికి చేరాక ముందు టైర్లు, బ్రేకు ఆయిలు, రబ్బరు పెట్రోలు పైపులు మార్పించి, అప్పుడు రోడ్డెక్కించండి.